నల్లా నీళ్లా, ఫిల్టర్ నీళ్లా, క్యాను నీళ్లా: నల్లగొండ, పాలమూరు ఇళ్లకు తాగునీటి మార్గదర్శి

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నారాయణపేట వైపు చాలా ఇళ్లలో ఇప్పుడు మూడు నాలుగు రకాల నీళ్లుంటాయి. నల్లాలో మిషన్ భగీరథ (ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే ప్రభుత్వ పథకం) నీళ్లు వస్తాయి. పెరట్లో బోరు ఉంటుంది. పొద్దున్నే ఆటోలో క్యాను దిగుతుంది. కొన్ని వంటిళ్లలో గోడకు ఆర్వో మిషన్ (నీటిలో కరిగిన లవణాలను సన్నని పొరతో వడగట్టేది) కూడా ఉంటుంది. ఇన్నిట్లో ఏ నీళ్లు తాగాలో చాలామంది రుచి చూసి తేల్చుకుంటారు. మన ప్రాంతంలో అది ప్రమాదం. ఇక్కడి నేల నీటిలో ఉన్న పెద్ద దోషం ఫ్లోరైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, తాగునీటిలో ఉండే మోతాదుల్లో రుచీ లేదు.

మన కింద ఉన్నది గ్రానైటు రాయి. దానిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరిగి నీటిలోకి దిగుతుంది. నీళ్లు రాతి పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువ కరుగుతుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను కొంతవరకు పట్టి కింద పడేస్తుంది. కాల్షియం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ అలాగే కరిగి ఉండిపోతుంది. అందుకే సబ్బు బాగా నురగ వచ్చి, పప్పు తొందరగా ఉడికి, తియ్యగా అనిపించే బోరులో కూడా ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు. ఉప్పగా ఉన్న బోరు చెడ్డది, తియ్యటి బోరు మంచిది అనే లెక్క మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు ఎన్నో ఇళ్లను దెబ్బతీసింది.

కాబట్టి ఈ పనిని కింది వరుసలో చేయండి. మిషన్ కొనడం దీనిలో చాలా వెనకాల వస్తుంది.

1. ఏ నల్లాలో ఏ నీళ్లొస్తున్నాయో తేల్చుకోండి

భగీరథ నీళ్లంటే నది నీళ్లు. నల్లగొండ వైపు నాగార్జునసాగర్ నుంచి, పాలమూరు వైపు శ్రీశైలం, జూరాల నుంచి తీసిన కృష్ణా నీటిని శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి పంపుతారు. నది నీటిలో ఫ్లోరైడ్ బాధ ఉండదు. చిక్కు ఊళ్లోకి వచ్చాక మొదలవుతుంది. పైపు పగిలినా, కరెంటు పోయినా, ఎండకాలం సరఫరా తగ్గినా కొన్నిచోట్ల పంచాయతీ బోరు నీళ్లను అదే ట్యాంకులోకి ఎక్కించి అదే పైపులో వదులుతారు. మీ నల్లా అదే, నీళ్లు మాత్రం వేరు.

దీన్ని పట్టుకోవడానికి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం, లీటరుకు మిల్లీగ్రాముల్లో) కొలిచే మీటరు పనికొస్తుంది. పెన్ను సైజులో ఉండే ఈ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. భగీరథ నీళ్లే వస్తున్నాయని ఖాయంగా తెలిసిన రోజు నల్లా నీటిని కొలిచి గోడమీద క్యాలెండర్‌లో రాసి పెట్టండి. ఇంటి బోరు నీటిని కూడా కొలిచి పక్కన రాయండి. నది నీళ్లు సాధారణంగా 500 లోపే చూపిస్తాయి, బోరు నీళ్లు చాలా ఊళ్లలో అంతకంటే ఎక్కువే. రోజూ 300 దగ్గర ఉండే నల్లా ఒక పొద్దున 800 చూపిస్తే బోరు కలిసిందని అర్థం. వెంటనే నీళ్లు వదిలే పంచాయతీ సిబ్బందిని అడగండి. ఆ రోజు నీళ్లు బట్టలకు, గిన్నెలకు వాడుకోండి.

ఇక్కడొక హెచ్చరిక. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను చూపదు. నీటిలో కరిగిన లవణాలన్నిటి మొత్తాన్ని అది అంచనా కట్టి చెబుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే అది చాలా ప్రమాదకరం, కానీ మీటరు మీద అది 600లో మూడు. మిషన్ అమ్మేవాళ్లు మీ ఇంట్లో మీటరు ముంచి చూపించి భయపెట్టినా, ధైర్యం చెప్పినా, ఫ్లోరైడ్ సంగతి ఇంకా తేలలేదనే అనుకోండి.

2. పరీక్ష చేయించండి, ఒక్కసారి కాదు రెండుసార్లు

గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లాల్లో నీటి పరీక్షా ప్రయోగశాలలున్నాయి. మామూలు రుసుముతో జనం నమూనాలను కూడా పరీక్షిస్తారు. దానికి ముందు, మీ ఊళ్లో క్షేత్ర పరీక్ష కిట్టు ఉందేమో పంచాయతీలో అడగండి. జల జీవన్ మిషన్ కింద ఊళ్లకు ఈ కిట్లు ఇచ్చి మహిళలకు శిక్షణ కూడా ఇచ్చారు. కిట్టులో మందు చుక్కలు వేస్తే వచ్చే రంగును చార్టుతో పోల్చి ఫ్లోరైడ్ ఎంతో చూస్తారు. ఆ లెక్క ఉజ్జాయింపే. కిట్టు 1 దాటిందని చెబితే ప్రయోగశాలకు పంపాల్సిందే.

నమూనా పట్టడంలో తప్పు జరిగితే ఫలితం కూడా తప్పుతుంది. ఫ్లోరైడ్, నైట్రేట్, గడుసుదనం (సబ్బును నురగ రానివ్వని కాల్షియం, మెగ్నీషియం లవణాలు), టీడీఎస్ పరీక్షలకు లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా వద్దు, గాజు ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. బోరును పది నిమిషాలు నడిపించి, పైపులో నిలిచిన పాత నీళ్లు పోయాక, సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి నిండుగా పట్టండి. ఊరు, తేదీ, బోరు లోతు, నల్లానా బోరా అన్నది సీసా మీద రాయండి.

క్రిముల పరీక్షకు పద్ధతి వేరు. దానికి ప్రయోగశాలవాళ్లే క్రిమిరహిత సీసా ఇస్తారు. మూతి లోపల వేలు పెట్టకూడదు, కడగకూడదు. ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు అందించాలి. ఇంట్లో చేసుకునే తేలిక పరీక్ష కూడా ఒకటుంది. మందు ఉన్న చిన్న సీసాలో గీత వరకు నీళ్లు పోసి, వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచుతారు. నీళ్లు నల్లబడితే మలంతో కలుషితమై ఉండొచ్చని గుర్తు.

ఒక పరీక్ష ఎండకాలం చివర, మే నెలలో చేయించండి. రెండోది వానలు పోయాక, నవంబరు దగ్గర. బోరులో నీటిమట్టం దిగినప్పుడు ఫ్లోరైడ్ మారుతుంది. బోరును మళ్లీ లోతు చేయించినా, పక్కన కొత్త బోరు వేసినా పాత కాగితం చెల్లదు. పక్కింటి బోరు ఫలితం మీ బోరుకు వర్తించదు. వంద అడుగుల దూరంలోనే తేడా రావచ్చు.

3. కాగితం మీద ఏ అంకెలు చూడాలి

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ముఖ్యమైనవి ఇవి. అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో.

ఫ్లోరైడ్: 1 వరకు సరే. వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు.
నైట్రేట్: 45. దీనిలో సడలింపు లేదు.
టీడీఎస్: 500 వరకు మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 వరకు.
గడుసుదనం: 200, గరిష్ఠం 600.
నల్లాలో మిగిలి ఉండాల్సిన క్లోరిన్: కనీసం 0.2.
ఈ-కొలై (మలం నుంచి వచ్చే) క్రిములు: వంద మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు.

ఫ్లోరైడ్ 1కి, 1.5కి మధ్య వస్తే ఏం చేయాలని చాలామందికి సందేహం. మన ఎండలకు మనిషి రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగుతాడు, పొలం పని చేసేవాళ్లు ఇంకా ఎక్కువ. నీళ్లు ఎంత ఎక్కువ తాగితే ఫ్లోరైడ్ అంత ఎక్కువ ఒంట్లోకి పోతుంది. ఇంట్లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్నా, గర్భిణి ఉన్నా 1 దాటిన నీటిని వదిలేయడమే మేలు. శాశ్వత పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసు అది. ఆ వయసులో పడిన మచ్చ తర్వాత పోదు. 1.5 దాటితే ఎవరికీ వద్దు. ఏళ్ల తరబడి తాగితే కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి, ఒకసారి వంగిన ఎముకను మందు తిరిగి నిలబెట్టలేదు.

నైట్రేట్‌ను చాలామంది పట్టించుకోరు. బోరు పక్కన మరుగుదొడ్డి గుంత, పేడ కుప్ప, యూరియా ఎక్కువ పడే చేను ఉంటే ఇది పెరుగుతుంది. ఆరు నెలల లోపు పిల్లలకు సీసా పాలు కలిపే నీటిలో నైట్రేట్ ఎక్కువుంటే రక్తం ఆక్సిజన్‌ను మోయలేక బిడ్డ నీలంగా మారుతుంది. మరగబెడితే నైట్రేట్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ కూడా అంతే.

4. వంట నీళ్లను లెక్కలోకి తీసుకోండి

ఎన్నో ఇళ్లలో తాగడానికి క్యాను, వంటకు బోరు. ఇది సగం జాగ్రత్త. అన్నం తనలోకి నీటిని పీల్చుకుంటుంది, పప్పు, చారు, చాయ్ అన్నీ నీళ్లే. బోరులో 3 మిల్లీగ్రాములుంటే, వంటలో మనిషికి ఒక లీటరు పోయినా రోజుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వంట ద్వారానే వెళ్తుంది. 1 మిల్లీగ్రాము ఉన్న నీళ్లు మూడు లీటర్లు తాగినా అంతే.

నలుగురున్న ఇంటికి తాగడానికి 12 నుంచి 16 లీటర్లు, వంటకు 6 నుంచి 8 లీటర్లు కావాలి. అంటే రోజుకు సుమారు 20 లీటర్ల మంచినీళ్లు. బియ్యం, కూరగాయలు మొదటిసారి కడగడానికి బోరు నీళ్లు ఫర్వాలేదు. ఎసరు మాత్రం మంచినీళ్లతోనే పెట్టండి.

5. ఇప్పుడు ఎంచుకోండి

భగీరథ నీళ్లు రోజూ వస్తూ, బోరు కలవకుండా, క్లోరిన్ ఉన్నట్టు తేలితే అవే తాగండి, వాటితోనే వండండి. ఆ నీటికి ఆర్వో అక్కర్లేదు. 500 లోపు టీడీఎస్ ఉన్న నీటికి ఆర్వో వాడొద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా 2019లో చెప్పింది. అందులో ఉన్న కాల్షియం, మెగ్నీషియం తీసేసి, రెండింతల నీటిని కాలువలో పోయడం తప్ప ఆ మిషన్ చేసేదేమీ లేదు. కాల్షియం మన ప్రాంతం వాళ్లకు ఇంకా అవసరం, ఒంట్లోకి పోయే ఫ్లోరైడ్‌ను కొంత అడ్డుకునేది అదే. ట్యాంకు, పైపుల మీద అనుమానం ఉంటే అల్ట్రావయొలెట్ దీపం ఉన్న చిన్న ఫిల్టరు చాలు. అది క్రిములను చంపుతుంది, లవణాలను ముట్టదు.

క్లోరిన్ వాసన వల్ల ఈ నీళ్లు పక్కన పెట్టేవాళ్లు చాలామంది. వాసన ఉందంటే నీళ్లు మీ నల్లా దాకా కాపాడబడి వచ్చాయని అర్థం. శుభ్రమైన కుండలోనో రంజన్‌లోనో పోసి పల్చటి గుడ్డ కట్టి రాత్రంతా ఉంచితే వాసన పోతుంది.

భగీరథ రాని ఇంట్లో, వచ్చినా వారంలో రెండు రోజులే వచ్చే ఇంట్లో, బోరు ఫ్లోరైడ్ 1.5 (చిన్నపిల్లలు, గర్భిణి ఉంటే 1) దాటితే ఆర్వో లేదా నమ్మదగిన క్యాను. బోరులో ఫ్లోరైడ్, నైట్రేట్ పరిమితి లోపే ఉండి, టీడీఎస్ 500కు పైన 1000 లోపు ఉంటే క్రిములను చంపుకుంటే సరిపోతుంది. రుచి నచ్చకపోవడం వేరే సంగతి.

పనికిరానివి కూడా చెప్పుకోవాలి. రాగి బిందె, మట్టికుండ, గుడ్డ వడపోత, క్యాండిల్ ఫిల్టరు, అల్ట్రావయొలెట్ దీపం, నల్లాకు తగిలించే బొగ్గు ఫిల్టరు: వీటిలో ఏదీ ఫ్లోరైడ్‌ను తీయదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను పేరబెట్టే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో తయారుచేసింది, దాన్ని ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పిలుస్తుంది. అయితే పటిక మోతాదు ఫ్లోరైడ్‌ను బట్టి, నీటి క్షారగుణాన్ని బట్టి మారుతుంది. కంటి చూపుతో వేస్తే ఫ్లోరైడ్ మిగిలిపోవచ్చు, లేదా అల్యూమినియం నీటిలో మిగలొచ్చు. పరీక్ష చేసి మోతాదు చెప్పే మనిషి దగ్గర లేకుండా ఇంట్లో మొదలుపెట్టకండి. యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ను పట్టుకునే గుళికలు) ఫిల్టరు కరెంటు లేకుండా ఫ్లోరైడ్‌ను తీస్తుంది, కానీ దాని గుళికలు నిండిపోయిన రోజు రుచిలో ఏ తేడా రాదు. నెలకోసారి ఫ్లోరైడ్ పరీక్ష చేయించగలిగితేనే అది పెట్టుకోండి.

6. ఆర్వో పెట్టిస్తే

మిషన్ లోపల నీళ్లు పోయే వరుస ఇది: బురదను ఆపే స్పన్ ఫిల్టరు, క్లోరిన్‌ను తీసే బొగ్గు ఫిల్టరు, ఒత్తిడి పెంచే పంపు, మెంబ్రేన్ (నీటిని పోనిచ్చి లవణాలను ఆపే సన్నని పొర), చివరి బొగ్గు ఫిల్టరు, కొన్నిటికి అల్ట్రావయొలెట్ దీపం, ఆ తర్వాత నిల్వ ట్యాంకు. ఫ్లోరైడ్‌ను ఆపేది మెంబ్రేన్ ఒక్కటే. మిగతావన్నీ దాన్ని కాపాడటానికో, రుచికో. బొగ్గు ఫిల్టరు అయిపోయాక కూడా క్లోరిన్ నీళ్లు పోస్తూ ఉంటే మెంబ్రేన్ పాడవుతుంది. గడుసు బోరు నీళ్లయితే దాని మీద తెల్లటి గార కడుతుంది, అలాంటి నీటికి గార పట్టకుండా చూసే కార్ట్రిడ్జిని ముందు పెట్టించాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట టీడీఎస్ కంట్రోలర్ గురించి. చాలా మిషన్లలో ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పితే మెంబ్రేన్ దాటకుండా కొన్ని ముడి నీళ్లు పక్కదారిలో వచ్చి శుద్ధి నీటిలో కలుస్తాయి. రుచి బాగుండాలని బిగించేవాళ్లు దీన్ని తెరిచి పెడతారు. ఫ్లోరైడ్ లేని చోట అది సరే. ఇక్కడ అది మిషన్ కొన్న పనినే చెడగొడుతుంది. లెక్క చూడండి: బోరులో ఫ్లోరైడ్ 4, టీడీఎస్ 1000 అనుకుందాం. మెంబ్రేన్ దాటిన నీటిలో ఫ్లోరైడ్ 0.4, టీడీఎస్ 80. పదిలో మూడు వంతులు ముడి నీళ్లు కలిపితే టీడీఎస్ 350 దగ్గరకు వచ్చి నీళ్లు తియ్యగా ఉంటాయి, ఫ్లోరైడ్ మాత్రం 1.5 దగ్గరకు చేరుతుంది. బోరు నీటికి ఆ మరను పూర్తిగా మూయించండి. నీళ్లు చప్పగా ఉన్నాయనిపిస్తే ఖనిజాలు కలిపే కార్ట్రిడ్జిని పెట్టించుకోండి.

బిగించిన రోజే ఇన్‌లెట్, అవుట్‌లెట్ టీడీఎస్ రెండూ రాసి పెట్టుకోండి. ఇన్‌లెట్‌లోంచి అవుట్‌లెట్‌ను తీసేసి, ఇన్‌లెట్‌తో భాగించి, వందతో హెచ్చించాలి. 1200 లోపలికి పోయి 90 బయటికి వస్తే 92.5 శాతం. కొత్త మెంబ్రేన్ 90 పైన ఉండాలి. నెలకోసారి చూడండి. 80కి దిగితే మెంబ్రేన్ మార్చే సమయం వచ్చినట్టే. ఇక్కడ టీడీఎస్ మీటరు మెంబ్రేన్ ఆరోగ్యం చెబుతుంది, ఫ్లోరైడ్ తేలాలంటే అవుట్‌లెట్ నీటిని ఏడాదికోసారి ప్రయోగశాలకే పంపాలి.

మార్చాల్సిన గడువులు బోరు నీటి మురికిని బట్టి అటూ ఇటూ అవుతాయి. స్పన్ ఫిల్టరు మూడు నుంచి ఆరు నెలలు, బొగ్గు ఫిల్టరు ఆరు నుంచి పన్నెండు నెలలు, మెంబ్రేన్ ఏడాదిన్నర నుంచి మూడేళ్లు, దీపం సుమారు ఏడాది. పాత ఫిల్టర్లను మీ ముందే విప్పి చూపించమని అడగండి. స్పన్ ఫిల్టరు ఎర్రగా, జిగురుగా ఉంటే గడువు దాటినట్టు.

ఇంటి మిషన్ ఒక లీటరు మంచినీళ్లకు రెండు నుంచి మూడు లీటర్లు బయటికి వదులుతుంది. రోజుకు 20 లీటర్లు పట్టే ఇంట్లో 40 నుంచి 60 లీటర్లు పోతాయి. దాన్ని డ్రమ్ములో పట్టి ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి, వాకిలి చల్లడానికి వాడండి. పశువులకు, కోళ్లకు పోయొద్దు. 3 మిల్లీగ్రాముల బోరు నీటి నుంచి వచ్చిన వదులు నీటిలో ఫ్లోరైడ్ 4 దగ్గరకు చేరుతుంది, పశువుల పళ్లు, ఎముకలు కూడా దానితో చెడతాయి. బోరు పక్కన ఇంకుడుగుంతలోకి అసలే వదలొద్దు. నీళ్లు వృథా అవుతున్నాయని వదులు పైపును నొక్కి బిగించేవాళ్లున్నారు. అలా చేస్తే లవణాలు బయటికి పోయే దారి లేక మెంబ్రేన్ మీదే పేరుకుని, అది నెలల్లోనే పోతుంది.

7. క్యాను నీళ్లు కొంటే

రెండు రకాల క్యాన్లున్నాయి, వాటిని కలిపి చూడొద్దు. ఒకటి కంపెనీలో నింపి, మూతకు సీలు వేసి వచ్చే 20 లీటర్ల జారు. దాని మీద నింపిన తేదీ, బ్యాచ్ నంబరు, ఆహార భద్రత సంస్థ ఇచ్చే పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. ఐఎస్ఐ గుర్తు ఉంటే దాంతో ఐఎస్ 14543 అని, లైసెన్సు నంబరు కూడా ఉంటుంది. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరిదో, ఇంకా చెల్లుతుందో తెలుస్తుంది. మనం మినరల్ వాటర్ అని పిలిచేది చాలావరకు శుద్ధి చేసి నింపిన మామూలు తాగునీరే. సహజ మినరల్ వాటర్‌కు వేరే ప్రమాణం ఉంది.

రెండోది ఊళ్లోని వాటర్ ప్లాంటు. మన క్యాను మనమే తీసుకెళ్లి పట్టుకుంటాం, లేదా ఆటోవాళ్లు తెస్తారు. సీలు ఉండదు, తేదీ ఉండదు. ఫ్లోరైడ్ ఊళ్లలో ఈ ప్లాంట్లు ఎంతో మేలు చేశాయి, ఇప్పటికీ చేస్తున్నాయి. కానీ ప్లాంటు ఉందన్నంత మాత్రాన నీళ్లు మంచివైపోవు. ఒకసారి పోయి చూడండి, అడగండి:

ముడి నీళ్లు బోరువా, భగీరథవా? బోరువైతే దాని ఫ్లోరైడ్ ఎంత?
శుద్ధి అయిన నీటి ఫ్లోరైడ్ పరీక్ష కాగితం ఉందా, దాని తేదీ ఏంటి?
రుచి కోసం ముడి నీళ్లు కలుపుతున్నారా? పైన చూసిన లెక్క ప్లాంటుకూ వర్తిస్తుంది.
మెంబ్రేన్లు ఎప్పుడు మార్చారు? దీపం వెలుగుతోందా?
ఖాళీ క్యాన్లు దేనితో కడుగుతున్నారు?

చివరి ప్రశ్నే చాలాసార్లు అసలు జవాబు ఇస్తుంది. ఆర్వో నీటిలో క్లోరిన్ ఉండదు కాబట్టి, క్యానులో పాచి ఉంటే క్రిములు అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతాయి. క్యానును ఎండకు పెట్టి లోపలికి చూడండి. పచ్చటి పొర, జిగట, గీతలు ఎక్కువ ఉంటే ఆ క్యాను తిప్పి పంపండి. సొంత క్యాను అయితే వారానికోసారి లోపల బ్రష్షుతో తోమి, గిన్నెల సబ్బుతో కడిగి, ఎండలో బోర్లించండి. తెరిచిన క్యాను రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. కింద టాపు ఉన్న డిస్పెన్సరు లోపలి గొట్టాన్ని కూడా వారానికోసారి కడగాలి, అందరూ మరిచిపోయేది అక్కడే. పెళ్లిళ్లలో పెట్టే కూలింగ్ క్యాన్ల లోపలి గోడకు చెయ్యి అందదు, అందుకే వాటి నీళ్లు చిన్నపిల్లలకు ఇవ్వకపోవడం మంచిది.

ఖర్చు లెక్క మీ ఊరి ధరలతో వేసుకోండి. ఉదాహరణకు క్యాను 15 రూపాయలైతే రోజుకొకటి చొప్పున ఏడాదికి సుమారు 5,500. మిషన్ 12,000 అయి ఆరేళ్లు వస్తే ఏడాదికి 2,000, ఫిల్టర్లు, సర్వీసుకు 3,500 కలిపితే 5,500. రెండూ దగ్గరదగ్గరే. కాబట్టి తేడా డబ్బులో వెతక్కండి, ఎవరి నీటి ఫ్లోరైడ్ కాగితం మీ చేతికి వస్తుందో చూసి తేల్చుకోండి.

8. నల్లా నుంచి గ్లాసు దాకా

శుద్ధి ప్లాంటులో మంచిగా ఉన్న నీళ్లు ఇంటి వాకిట్లో చెడిపోవడానికి మన అలవాట్లే ఎక్కువ కారణం. ఒత్తిడి చాలదని నల్లా కింద గుంత తవ్వి, పైపును అడుగులో పెడతారు. నీళ్లు ఆగిపోగానే గుంతలోని మురుగును పైపు వెనక్కి పీల్చుకుంటుంది. నల్లాకు మోటారు పెట్టినా అంతే, పగిలిన చోటల్లా కాలువ నీళ్లు లోపలికి వస్తాయి, మీ ఇంటికే కాదు వీధి మొత్తానికి. గుంత పూడ్చి, నేలకు అడుగున్నర పైన నల్లా బిగించండి. నీళ్లు వదిలిన మొదటి రెండు మూడు నిమిషాలవి బకెట్‌లో పట్టి గిన్నెలకు వాడి, తర్వాత తాగే బిందె పట్టండి.

క్లోరిన్ ఉందో లేదో చూడటానికి పంచాయతీ దగ్గర క్లోరోస్కోపు ఉంటుంది. గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. వీధి చివరి ఇంట్లో 0.2 రావాలి. రాకపోతే ఇంట్లో క్లోరిన్ బిళ్లలు వేసుకోండి, డబ్బా మీద ఎన్ని లీటర్లకు ఒకటని ఉందో అంతే, అరగంట ఆగి తాగండి. ట్యాంకుకైతే వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ రెండున్నర గ్రాములు. మూత తెరిచి పెట్టిన పాత పౌడరు బలం పోతుంది, అది వేసినా వేయనట్టే.

సంపు, పైట్యాంకు మూడు నెలలకోసారి కడగాలి. ట్యాంకు ఖాళీ చేసి, గోడలు బ్రష్షుతో తోమి, అడుగు బురద తోడేయండి. నీళ్లు నింపి, వెయ్యి లీటర్లకు 200 గ్రాముల లెక్కన బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్‌లో కలిపి, కొంతసేపు తేరనిచ్చి, పైతేట మాత్రమే ట్యాంకులో పోయండి. ఇంట్లో నల్లాలన్నీ వాసన వచ్చేదాకా ఒకసారి తెరిచి మూసేయండి. రాత్రంతా ఉంచి, పొద్దున ఆ నీళ్లన్నీ వదిలేసి, మళ్లీ నింపి కడగండి. బ్లీచింగ్‌తో పాటు యాసిడ్ ఎప్పుడూ వాడొద్దు, విషవాయువు పుడుతుంది. సంపులోకి ఒంటరిగా దిగొద్దు.

తాగే బిందెకు మూత ఉండాలి, నీళ్లు ముంచడానికి పొడుగు పిడి ఉన్న గరిటె ఉండాలి, లేదా టాపు ఉన్న స్టీలు డ్రమ్ము. గ్లాసుతో, చేత్తో ముంచితే ఇంతవరకు చేసినదంతా పోతుంది.

9. నాలుగు రోజులు భగీరథ ఆగితే

ఎండకాలం ఇది జరుగుతుంది. మూత ఉన్న రెండు 20 లీటర్ల క్యాన్లలో భగీరథ నీళ్లు ఎప్పుడూ నింపి ఉంచి, రెండు రోజులకోసారి మార్చుతూ ఉండండి. సరఫరా ఆగగానే వాటిని తాగడానికి, ఎసరుకు, చిన్నపిల్లల పాలకు మాత్రమే వాడండి. అవి అయ్యేలోపు పరీక్ష కాగితం ఉన్న ప్లాంటు క్యాను తెప్పించుకోండి. అదీ దొరక్కపోతే, మీ బోరు ఫలితాలు ముందే ఉంటే దారి తేలిక: ఊళ్లో ఫ్లోరైడ్, నైట్రేట్ తక్కువని తేలిన బోరు నుంచి తెచ్చి, ఒక నిమిషం తెర్లే దాకా మరగబెట్టి చల్లార్చి తాగండి. అందుకే మే నెల పరీక్షను వీధిలో నలుగురు కలిసి నాలుగు బోర్లకు ఒకేసారి చేయించి, ఫలితాలను పంచాయతీ బోర్డు మీద రాయించి పెట్టుకోవడం మంచిది.